చెమట పట్టిన గోడ

తొట్టికి చెమట పట్టిందన్న కబురు తెనాలికి బస్సు కండక్టరు తెచ్చాడు. ఇప్పుడైతే మీరు సైటులో నిలబడే ఫోటో తీసి పంపిస్తారు, పై ఆఫీసరు అది చూశాడో లేదో కూడా అక్కడే తెలిసిపోతుంది. ఎనభైల చివర్లో రేపల్లె అవతల ఏం జరిగినా మాకు తెలియాలంటే ఫోను కలవాలి, లేదా మనిషి రావాలి. ఆ రోజు ఫోను కలవలేదు. కాంట్రాక్టరు బస్టాండుకి వెళ్లి, తెనాలి వచ్చే బస్సులో కండక్టరుని బతిమాలుకున్నాడట. ఆ కండక్టరు మా ల్యాబు గుమ్మంలో నిలబడి, "మీ ట్యాంకుకి చెమటలు పడుతున్నాయంటండి. ఈ.ఈ. గారికి చెప్పమన్నారు" అని, నేను ఇంకో మాట అడిగేలోపు పరుగెత్తాడు. బస్సుని రోడ్డుమీద ఆపి వచ్చాడు మరి.

నేను అప్పటికి ఆ ల్యాబులో అసిస్టెంట్ ఇంజనీరుని. పల్లెల మంచినీటి పథకాలకు వాడే సిమెంటు, ఇసుక, కాంక్రీటు పరీక్షించటం మా పని. ఆడపిల్ల పరంజాలెక్కి ఏం తిరుగుతుందిలే అని నన్ను అందులో వేశారు. ఇల్లు బాపట్లలో. పొద్దున రైలెక్కి తెనాలి, సాయంత్రం రైలెక్కి బాపట్ల. ల్యాబు అనగానే పెద్దగా ఊహించుకోకండి. అదొక అద్దె ఇల్లు. సైటులో గోడకి పోసే కాంక్రీటులోంచే కాస్త తీసి, ఇనప అచ్చుల్లో పోసి, జానెడేసి దిమ్మలు చేసి మాకు పంపేవారు. వాటిని క్యూబులంటాం. పెరట్లో నీళ్ల తొట్టిలో నానబెట్టి, గడువు రాగానే ముందుగదిలో మిషను కింద పెట్టి పగలగొట్టి, బలమెంతో చూసేవాళ్లం. క్యూబు పగిలినప్పుడల్లా పక్కింట్లో గోడమీది పటాలు ఊగేవి. ఆ ఇంటావిడ ప్రహరీ మీదుగా తొంగిచూసి, "ఇవాళ ఇంకెన్ని ఉన్నాయమ్మా?" అని అడిగేది. లెక్క చెబితే పటాలు తీసి మంచంమీద పెట్టుకునేది.

మా ఈ.ఈ., అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు, నీళ్ల తొట్లు కట్టించటంలో తల పండిన మనిషి. కోపం వస్తే గొంతు పెంచేవారు కాదు. కళ్లజోడు తీసి, జేబురుమాలుతో నిదానంగా తుడుచుకునేవారు. కళ్లజోడు తీశారంటే ఎవరికో మూడిందని ఆఫీసంతా సర్దుకుని కూర్చునేది. నేను కబురు చెప్పగానే జోడు తీశారు. తుడుచుకుంటూనే, "జీపు తియ్యమను. నువ్వూ రా" అన్నారు.

ఆ ఊరు రేపల్లెకి దిగువన, సముద్రం గాలి తగిలేంత దగ్గర్లో ఉంటుంది. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. కాలవ పారినన్నాళ్లూ చెరువు నింపుకుని తాగుతారు. ఎండాకాలం కాలవ కట్టేస్తే చెరువు అడుగంటుతుంది. ఇక ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఊళ్లు దాటాలి. అందుకని కొత్తగా ఒక పెద్ద చెరువు తవ్వించి, ఆ నీళ్లను ఇసుక పడకల్లో వడగట్టి, ఒక గుండ్రటి కాంక్రీటు తొట్టిలో నిలవచేసి, పంపుతో వీధి కుళాయిలకి ఇచ్చే పథకం పెట్టారు. తొట్టి నేలమీదే ఉంటుంది, రెండు నిలువుల ఎత్తు. ఎండాకాలంలో గోడ కట్టటం ముగిసింది. కాలవ వదలగానే చెరువు నిండింది. పరీక్ష కోసం మొదటిసారి తొట్టి నింపారు. నింపిన మర్నాడే ఈ కబురు.

మేం వెళ్లేసరికి ఊరు ఊరంతా తొట్టి చుట్టూ ఉంది. అడవులదీవి నుంచి చేపల బుట్టలతో వచ్చిన వాళ్లు కూడా బుట్టలు దించి చూస్తున్నారు. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకి బయట బొట్లు పడతాయే, అచ్చం అలా ఉంది గోడ. బొట్టు బొట్టు కలిసి కిందికి జారుతోంది. తెల్లచీర కట్టుకున్న ఒక మామ్మ ముందుకొచ్చి, గోడని వేలితో తుడిచి, నాలిక మీద పెట్టుకుని చూసింది.

"చప్పని నీళ్లే" అని ఊరికి ప్రకటించింది.

ఈ.ఈ. గారు తొట్టి చుట్టూ తిరిగొచ్చి కాంట్రాక్టరు ముందు ఆగారు. కాంట్రాక్టరు లావుపాటి మనిషి, మామూలుగా నవ్వుమొహం. ఆ రోజు ఆ నవ్వు ఎక్కడా లేదు.

"కాంక్రీటులో నీళ్లు ఎక్కువ కలిపావా?"

"లేదండి సార్. మీ మనిషి పక్కనే ఉండి చూశారండి."

"మరి గోడ జల్లెడలాగా ఎందుకుందయ్యా?"

కాంట్రాక్టరు నేలచూపులు చూశాడు.

"కూల్చెయ్యాలి" అన్నారు ఈ.ఈ. గారు.

సర్పంచి గారు పంచె సర్దుకుంటూ ముందుకొచ్చాడు. "కూలిస్తే మళ్లీ ఎప్పటికండి?"

"మళ్లీ శాంక్షను రావాలి, మళ్లీ కట్టాలి. వచ్చే ఎండాకాలానికి అందదు."

ఈ.ఈ. గారు వాళ్లవైపు తిరిగారు. "మీ మీద కోపంతో అంటున్నానా? నీళ్లు బయటికొచ్చే దారిలోనే మీ ఉప్పుగాలి లోపలికి వెళ్తుంది. లోపల ఇనుముంది. అది తుప్పు పట్టి ఉబ్బితే గోడ పెచ్చులూడుతుంది. ఎవరి నెత్తిన పడితే వాళ్లకి నేనేం చెప్పను?"

ఆయన చెప్పింది నిజం. కాని గోడ చుట్టూ తిరుగుతుంటే ఒక సంగతి కంటబడింది. గోడని ఒక్కసారిగా పొయ్యలేదు, వరసలు వరసలుగా పోశారు. చెమటంతా పై వరసల్లో ఉంది. అన్నిటికంటే కింది వరస, పైనుంచి జారిన చారలు తప్పిస్తే, పొడిగా ఉంది. చెయ్యి ఆనిస్తే దుమ్ము అంటింది. తొట్టిలో నీళ్ల ఒత్తిడి అడుగున ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కారితే ముందు కిందే కారాలి.

"సార్, కింది వరస పొడిగా ఉందండి" అన్నాను.

ఆయన వంగి తనూ చెయ్యి ఆనించి చూసుకున్నారు. "అయితే?"

"అదే సిమెంటు, అదే ఇసుక, అదే మేస్త్రి. ఎందుకో తేల్చుకున్నాక కూలుద్దామండి."

"కూల్చటానికి పైనున్న ఎస్.ఈ. గారి ఆర్డరు కావాలి. రేపు రాస్తాను. అది ఇక్కడికి వచ్చేలోపు నీకు తోచింది చేసుకో." జోడు పెట్టుకుని జీపెక్కారు. కాగితం నెమ్మదిగా నడవటం వల్ల నా సర్వీసులో మేలు జరిగిన సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి.

ఆదివారం బాపట్లలో నాకు సిమెంటు పాఠం చెప్పిన మాస్టారింటికి వెళ్లాను. ఆయన ఎవరు ఏ సందేహంతో వచ్చినా దాన్ని ప్రశ్నగా మార్చి తిరిగి వాళ్లకే ఇచ్చేవారు. అరుగుమీద కూర్చోబెట్టి, సంగతంతా విని, సుద్దముక్క తీసుకుని నేలమీద కొన్ని చుక్కలు పెట్టారు.

"ఇవి సిమెంటు రేణువులు. మధ్యలో ఉన్నదేంటి?"

"నీళ్లండి."

"గట్టిపడటమంటే?"

"ఆరిపోవటం కాదండి. సిమెంటు నీళ్లతో కలిసి కొత్త పదార్థం పుట్టటం."

"పరీక్షకి బాగానే చదివావ్. ఇప్పుడు చూడు." ఒక్కో చుక్క చుట్టూ సుద్దతో నూగులాగా గీతలు గీశారు. "రేణువు చుట్టూ ఇలా బంక పుడుతుంది. మొలకెత్తిన గింజకి వేళ్లొచ్చినట్టు అన్నివైపులకీ పాకుతుంది. పాకటానికి చోటెక్కడిది? నీళ్లున్న చోటే. మొదట్లో నీళ్లున్న చోట్లన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకున్న బజార్లు. బంక పెరిగేకొద్దీ బజారు సందవుతుంది, సందు గొందవుతుంది. చివరికి గొంది కూడా మూసుకుపోయి, ఆ చివర నీళ్లు ఈ చివరకి రాలేవు. గోడ నిండా రంధ్రాలుంటూనే ఉంటాయి. కాని ఒకదానికొకటి దారి ఉండదు. అదే మంచి కాంక్రీటు."

"మరి మా గోడలో దారులు తెరిచే ఉన్నాయండి."

"రెండు కారణాలు. మొదట్లోనే నీళ్లు ఎక్కువ పోస్తే బజార్లు మరీ వెడల్పు. బంక ఎంత పెరిగినా అవి పూడవు. ఆ గోడకి మందు లేదు, మీ ఈ.ఈ. గారు చెప్పినట్టు కూల్చటమే. నీళ్లు సరిగ్గానే పోసి, ఆ తర్వాత తడపకుండా ఎండబెడితే, బంక పెరగటం సగంలో ఆగిపోతుంది. రేణువు లోపల ఇంకా సిమెంటు మిగిలే ఉంటుంది. మళ్లీ నీళ్లు తగిలితే మళ్లీ పెరుగుతుంది. మొదటే తడిపినంత బాగా కాకపోయినా పెరుగుతుంది. మీ గోడ రెంటిలో ఏది?"

"తెలియదండి."

"తెలుసుకునే దారి?"

అప్పుడు తట్టింది. పై వరసలకు పోసిన కాంక్రీటుతోనే క్యూబులు కూడా పోస్తారు. గోడ ఎండినా మా తొట్టిలో క్యూబులు నిండా నానాయి. కాంక్రీటులోనే నీళ్లు ఎక్కువైతే క్యూబు కూడా గోడలాగే ఉండాలి.

"అయితే ఇంకా ఇక్కడెందుకున్నావ్? కాఫీ తాగి వెళ్లు" అన్నారు మాస్టారు.

సోమవారం ల్యాబులో చూస్తే ఆ పై వరసల క్యూబులన్నీ ఎప్పుడో పగలగొట్టేశాం. ముక్కలు కూడా రోడ్డు గుంటల్లోకి పోయాయి. మా అటెండరు గారిని అడిగాను. ఆయన బుర్ర గోక్కుని, "ఒకటి మిగులు వచ్చిందండి. పారెయ్యటం ఎందుకని..." అంటూ నీళ్ల కుండవైపు చూశాడు. కుండ ఒరిగిపోకుండా కింద పెట్టిన ఎత్తు ఆ క్యూబే. దాని పక్కమీదున్న పెయింటు గుర్తు చూస్తే, సరిగ్గా పై వరసదే. దాన్ని లాగేస్తే ఆ రోజు తాగటానికి నీళ్లెలాగని ఆయన బెంగపడ్డాడు. కుండని నా కుర్చీమీద పెట్టి, నేను సాయంత్రం దాకా నిలబడే పనిచేశాను.

తొట్టి చూడటానికి వెళ్లిన రోజే పై వరసలోంచి చెక్కి తెచ్చుకున్న గోడపెచ్చునీ, క్యూబులోంచి కొట్టిన ముక్కనీ బాగా ఆరబెట్టి, ఒక పళ్లెంలో నీలం సిరా పోసి పక్కపక్కన నిలబెట్టాను. గోడపెచ్చు దాహంతో ఉన్న మనిషిలా సిరా తాగింది. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి తలదాకా నీలం ఎక్కింది. క్యూబు ముక్కకి అడుగున సన్నటి అంచు మాత్రం అంటింది. సాయంత్రానికి కూడా అది అక్కడే ఉంది. మా వాళ్లంతా చుట్టూ చేరి చూశారు. పక్కింటావిడ కూడా వచ్చి చూసి, "ఇలాంటి పరీక్షలు చెయ్యండమ్మా, చప్పుడు లేకుండా" అంది.

ఆ పళ్లెం ఈ.ఈ. గారి బల్లమీద పెట్టాను. ఆయన రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. వేళ్లకి సిరా అంటింది. "బాగుంది. కాని క్యూబుల వరకు మంచి కాంక్రీటు విడిగా వండి పంపేవాళ్లు నాకు తెలుసు. కింది వరస తడిపినవాడు పై వరసలు ఎందుకు తడపలేదు? అది చెప్పు, అప్పుడు నమ్ముతాను" అన్నారు.

అదీ న్యాయమే. మర్నాడు తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి, అక్కడినుంచి బస్సులో ఊరికి వెళ్లాను. కాంట్రాక్టరు తొట్టి నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మామ్మ పక్కనే వాకిలి ఊడ్చినట్టు తొట్టి చుట్టూ ఊడుస్తోంది. ఎవరూ చెప్పకుండానే ఆ పని పెట్టుకుందట.

"కాంట్రాక్టరు గారూ, పై వరసలు ఎన్నాళ్లు తడిపారండి?"

"తడిపామండి మేడమ్ గారూ. గోనెసంచులు కప్పి తడిపాం."

"ఏ నీళ్లతో? అప్పటికి కాలవ కట్టేశారు కదా."

"ట్రాక్టరు మీద డ్రమ్ములతో మంచినీళ్లు తెప్పించామండి. ఉప్పునీళ్లు గోడకి పొయ్యకూడదని మీరే చెప్పారు కదండి."

"డ్రమ్ముల నీళ్లు పోస్తే గోడ ఇలా ఉండదండి."

ఆయన చూపు తిప్పుకున్నాడు. మామ్మ చీపురు కింద పెట్టింది.

"ఎందుకయ్యా అబద్ధాలు? మేం తాగేశామని చెప్పు" అంది.

"మామ్మా, నువ్వు ఊరుకో" అన్నాడు కాంట్రాక్టరు.

"ఏంటి ఊరుకునేది? అమ్మాయి అంత దూరం నుంచి వచ్చింది." నావైపు తిరిగింది. "కింది వరస పోసినప్పుడు కాలవ పారుతోంది తల్లీ, గోడకీ పోశారు, మేమూ తాగాం. తర్వాత చెరువులో బురద మిగిలింది. ఇక్కడేమో డ్రమ్ముల్లో కొబ్బరినీళ్లలాంటి నీళ్లు. మొదట నేనే బిందె ముంచా. కాపలావాడు అరిచాడు. మర్నాటి నుంచి మేం వచ్చే వేళకి వాడు టీకి వెళ్లటం మొదలెట్టాడు. వాణ్ణి టీకి పంపేది ఎవరో మాకు తెలియదా?"

కాంట్రాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "చంటిపిల్ల తల్లి ఒకామె ఉప్పునీళ్లు గుడ్డలో వడపోస్తోందండి" అన్నాడు మెల్లగా. "గుడ్డలో ఉప్పు ఆగుద్దా? గోడ మాట్లాడదు కదండి మేడమ్ గారూ. పిల్లలు ఏడుస్తారు."

"ఇంకో ట్రాక్టరు పెట్టించొచ్చు కదండి."

"పెట్టించాడమ్మా. అదీ తాగాం" అంది మామ్మ.

నాకు నవ్వొచ్చింది. "ఇదంతా ఈ.ఈ. గారితో ఎందుకు చెప్పలేదండి?" అని అడిగాను.

"చెబితే ఊరిని తిడతారండి. నన్ను తిడితే నాకు అలవాటే."

గోడకి నీళ్లు కావాలి. ఇప్పుడు కాలవలో నీళ్లున్నాయి. సర్పంచి గారిని పిలిపించి, మాస్టారు నేలమీద గీసిన చుక్కలే నేను మట్టిలో గీసి చూపించాను. తొట్టిని ఖాళీ చెయ్యకుండా నిండుగా ఉంచాలి, బయట సంచులు కట్టి ఆరకుండా తడపాలి, అయినా మానుతుందని మాట ఇవ్వలేను అన్నాను. ఆయన బియ్యం మిల్లుకి మనిషిని పంపి గోనెసంచులు తెప్పించాడు. గోడ తడిపే పని ఆడవాళ్లు తీసుకున్నారు. తాగిన నీళ్లు తిరిగి పొయ్యాలి కదా అని వాళ్లలో వాళ్లే వంతులు వేసుకున్నారు. నిచ్చెన కింద మామ్మ పెత్తనం. పొడిగా కనిపించిన సంచి ఎవరి వంతులోదో వాళ్లని పేరుపెట్టి పిలిచేది. చర్చిలో పాడే కీర్తనలు పాడుకుంటూ బిందెలు అందించుకునేవారు. నేను వెళ్లినప్పుడల్లా నాక్కూడా ఒక బిందె అందేది.

కొన్ని వారాలకి సంచులు తప్పించి చూస్తే గోడమీద అక్కడక్కడ తెల్లటి చారలు తేలాయి. లోపలి సున్నం నీళ్లలో కరిగి, బయటికొస్తూ గాలి తగిలి, దారి చివర గట్టిపడుతుంది. అది కూడా రంధ్రాలు మూసే పనే. అయితే ఒకచోట చారలు రెండు పక్కలా విచ్చుకున్నట్టు పడ్డాయి. అవి దేవదూత రెక్కలని మామ్మ అంది. సాయంత్రానికి పక్క ఊళ్లనుంచి జనం రావటం మొదలైంది. చర్చి అయ్యగారు ఇబ్బందిపడి నా దగ్గరకొచ్చి, "మీరు సైన్సు చెప్పండమ్మా, నేను చెబితే వినటం లేదు" అన్నారు. చెప్పాను. మామ్మ అంతా విని, "సున్నంతో చేసుకుంటే దేవుడికి కుదరదా ఏంటి?" అంది.

చెమట తగ్గుతూ వచ్చింది. అయితే అంతలో ఎస్.ఈ. గారి ఆర్డరు వచ్చింది. ఈ.ఈ. గారు పిలిచి కాగితం చూపించారు. తొట్టిని కూల్చి తిరిగి కట్టవలెను.

ఊళ్లో ఏం జరిగిందో, ఎవరు తాగారో అంతా ఆయనకి చెప్పేశాను. దాచాలని అనిపించలేదు. ఆయన జోడు తియ్యలేదు. "రేపు సంచులు విప్పించి గోడ ఎండలో ఆరబెట్టమను. ఎల్లుండి వస్తాను" అన్నారు.

ఆ ఎల్లుండి పొద్దున బట్టల కోసం బీరువా తీసి, ఏం కట్టుకోవాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను. గోడ కూలితే నా మాట కూడా దాంతోపాటే కూలుతుంది. మిగతా సర్వీసంతా ఎవరో ఒకరు ఆ తొట్టి గుర్తుచేస్తూనే ఉంటారు.

ఊరంతా మళ్లీ చేరింది. ఈసారి ఎవరూ గోడ దగ్గరకి రాలేదు. ఈ.ఈ. గారు జీపు డ్రైవరు దగ్గర పేపరు తీసుకుని ఒక్కో షీటూ విడదీశారు. చిన్న తడి ఉన్నా పేపరు నల్లబడి పట్టిచ్చేస్తుంది. గోడకి షీటు ఆనించి, అరచేత్తో అదిమి, తీసి వెలుతురులో చూస్తూ నడిచారు. నేను వెనకాల. సినిమా పేజీ పొడిగానే వచ్చింది. ఆటల పేజీ పొడిగానే వచ్చింది. రెక్కల దగ్గర మామ్మ ఊపిరి బిగబట్టింది. అక్కడా పొడే. చుట్టూ తిరిగి బయటికి నీళ్లు పోయే పైపు దగ్గరకి వచ్చాం. పైపు కింద షీటు పెట్టగానే తడిసి గోడకి అంటుకుపోయింది. మొదటిరోజు పైనుంచి జారిన నీళ్లలో కలిసి కనబడలేదు గాని, చుక్క చుక్క కారుతోంది అక్కడ.

ఆయన జోడు తీశారు.

"ఇది కూడా మానుతుందా అమ్మా?"

వెనక కాంట్రాక్టరు, సర్పంచి, ఊరు. మానుతుందంటే ఆ పూటకి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అలా అనమని కాంట్రాక్టరు కళ్లతో చెబుతున్నాడు కూడా.

"మానదు సార్" అన్నాను. "అక్కడ కారింది సిమెంటులో కంటికి ఆనని సన్నటి దారుల్లోంచండి. ఇక్కడ పైపు కిందికి కాంక్రీటు అసలు చేరలేదు. సరిగ్గా కూరలేదు. బొక్క మిగిలిపోయింది. బంక పెరిగి ఇంత ఖాళీ పూడ్చలేదండి. చెక్కేసి, మళ్లీ నింపాలి."

సర్పంచి గారి మొహం వాడిపోయింది. ఈ.ఈ. గారు జోడు తుడిచి, తుడిచి, పెట్టుకున్నారు.

"ఈ రెండో మాట చెప్పకపోతే నీ మొదటి మాట నమ్మేవాణ్ణి కాదు" అన్నారు. తర్వాత కాంట్రాక్టరువైపు తిరిగి, "పైపు దగ్గర చెక్కి బాగుచెయ్యి. నీ ఖర్చుతో. ఆర్డరు ఆపమని నేను రాసుకుంటాను. నీళ్లు ఊరికి ఇచ్చేశావని నాతో చెబితే నీ నోటి ముత్యాలు రాలతాయా?" అన్నారు.

"భయమేసిందండి సార్."

"నేనేం చేస్తాననుకున్నావయ్యా?"

మామ్మ అందుకుంది. "తప్పు మాది బాబూ. గోడకి పొయ్యాల్సిన నీళ్లు అని తెలిసే తాగాం. కూల్చాలంటే మమ్మల్ని ఏదన్నా అనండి, తొట్టిని వదిలెయ్యండి."

ఈ.ఈ. గారు ఆమెవైపు తిరిగారు. "నీళ్లు ఎలా ఉన్నాయి మామ్మా?"

"బాగున్నాయి బాబూ."

"అయితే సరే" అని జీపు దగ్గరకి నడిచారు. దార్లో డ్రైవరు తన పేపరులో ఒక పేజీ తగ్గిందని గొణిగితే, రేపల్లెలో ఆపించి కొత్త పేపరు కొనిచ్చారు.

పైపు దగ్గర చెక్కి నింపారు. ఆ అతుకుని మాత్రం తడపటానికి కాపలా పెట్టాల్సిన పని లేకపోయింది. ఊరంతా కాపలాయే. మళ్లీ నింపి పరీక్షిస్తే నీటిమట్టం గుర్తు పెట్టిన గీతమీదే నిలిచింది. కుళాయిలు తిప్పిన రోజు మొదటి బిందె మామ్మ చేత పట్టించారు. పురుగులు చావటానికి వేసిన బ్లీచింగు వాసన ఘాటుగా ఉంది. ఆమె ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, అందరూ వినేలా, "ఇన్ని తిప్పలు పడి మందునీళ్లు ఇచ్చారా తల్లీ" అంది. సర్పంచి గారు ఉపన్యాసం మరిచిపోయాడు.

సైటుల్లో పనిచేసే పిల్లలకి ఒక్కటే చెబుతాను. ఆ తొట్టి మానిందని ప్రతి గోడా మానదు. ఆ తర్వాత నీళ్లు ఎక్కువ పోసి కట్టిన తొట్లు కూల్చమని నా చేత్తో నేనే రాశాను. ఏది మానుతుందో ఏది మానదో తేల్చటానికి గోడని చూస్తే సరిపోదు. అది కట్టిన రోజుల్లో అక్కడ మనుషులు ఎలా బతికారో కూడా అడగాలి.

ఈ.ఈ. గారు ఆ సంగతి మళ్లీ నాతో ఎత్తలేదు. అయితే ఆ మరుసటి ఏడు నుంచి సముద్రం వైపు పనులకు ఆయన సంతకం పెట్టిన ప్రతి ఎస్టిమేటులోనూ గోడ తడపటానికి కావాల్సిన నీళ్లకి ఇంచుమించు రెట్టింపు నీళ్లు కనిపించేవి. సగం తడపటానికి, మిగతా సగం 'ఆవిరి నష్టము'. తొంభైల్లో ఒక ఆడిటరు గారికి అది నచ్చలేదు. ఎంత ఎండైనా సగం నీళ్లు ఆవిరవుతాయా అని అభ్యంతరం రాశారు. ఈ.ఈ. గారు అప్పటికి ప్రమోషన్ మీద వెళ్లిపోయారు. అప్పటికి నేను డిప్యూటీ ఇంజనీరుని, ఆ హోదాలో జవాబు చెప్పాల్సిన పని నామీద పడింది. కాగితం మీద ఏం రాయాలో తోచక, "ఒకసారి వచ్చి చూడండి సార్" అని రోహిణి కార్తెలో ఆయన్ని నిజాంపట్నం దారిలో ఒక సైటుకి తీసుకెళ్లాను.

జీపు దిగేసరికే ఆయన చొక్కా తడిసిపోయింది. డ్రమ్ముల దగ్గర ఆడవాళ్లు వరసలో నిలబడి బిందెలు ముంచుకుంటున్నారు. కాపలావాడు కనుచూపు మేరలో లేడు. ఒకామె ఈయన వాలకం చూసి, చెంబు కడిగి నీళ్లు ముంచి, "తాగండి బాబాయి గారూ" అని ఇచ్చింది. ఆయన ఎత్తిన చెంబు దించకుండా తాగారు. ఇంకో చెంబు అడిగి తాగారు. తుండుతో మూతి తుడుచుకుని, బిందెలు నెత్తిన పెట్టుకుని గట్టుమీద వెళ్లిపోతున్న వాళ్లవైపు చాలాసేపు చూశారు.

"నిజమేనండి. ఇక్కడ ఆవిరి ఎక్కువే" అన్నారు.